ఎనిమిది వారాల పుస్తకం

మా వెంకటేశ్వరరావు గారు ఏడాదికొకసారి ఫ్యాక్టరీ కాలనీలో చేతిరాత పత్రిక తీస్తారు. ఈ ఏడు అందరినీ 'నేను చదివిన పుస్తకాలు' అని నాలుగు పేజీలు రాయమన్నారు. నన్నూ రాయమన్నారు. నేను పటాన్‌చెరు బజారులో పప్పులూ బియ్యమూ అమ్ముకునేవాణ్ణి. ఊరివాళ్ళు నన్ను విశ్వేశ్వర్ సేట్ అంటారు, కాలనీవాళ్ళు శెట్టిగారు అంటారు, రెండింటికీ పలుకుతాను. పుస్తకాల సంగతి ఎత్తితే నా నోరు ఆగదని ఆయనకు తెలుసు. ఏ పుస్తకం సంగతి వచ్చేసరికి ఆగుతుందో కూడా తెలుసు. అందుకే కాగితాలు చేతికిస్తూ "అన్నీ రాయండి" అన్నారు.

సరే, అన్నీ రాస్తాను.

ముందుగా చెప్పేస్తున్నాను, కథలు నాకు పట్టవు. ఎవరో ఎవరినో తలుచుకుని మూడు వందల పేజీలు ఏడిస్తే నాకేమొస్తుంది? నాకు పనికొచ్చే పుస్తకం కావాలి. చుక్కలు ఎందుకు మెరుస్తాయి, కరెంటు తీగలో ఎట్లా పారుతుంది, జ్ఞాపకశక్తి ఎట్లా పెంచుకోవాలి, ఇట్లాంటివి. మా వ్యాపారంలో ధాన్యం కొనేటప్పుడు బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి పైన, నడుమ, అడుగున మూడు చోట్ల గింజలు తీసి చూస్తాం. పైన బాగుందని కొన్నవాడు మునిగిపోతాడు. పుస్తకాన్ని కూడా అట్లాగే చూడాలని నా పట్టు. అది చెప్పింది చేసి చూడాలి, అయితే అయింది, కాకపోతే అటక మీదికి.

చీమల పుస్తకం నెగ్గింది. చీమ తన వెనక వాసన వదులుకుంటూ పోతుందని, మిగతావి ఆ వాసన పట్టుకుని వస్తాయని అందులో ఉంది. బెల్లం బస్తా దాకా వచ్చిన చీమల బారును చూసి, మధ్యలో జానెడు మేర కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. ఇటువైపువి ఇటే, అటువైపువి అటే ఆగిపోయి దిక్కులు చూశాయి. ఆ రోజు దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చూపించాను. ఉప్పు కోసం వచ్చినవాడు కూడా చీమల చరిత్ర విననిదే బయటపడలేదు.

మనుషుల మనసు గెలవడం ఎట్లా అన్న పుస్తకం ఓడింది. ఎదుటివాడు ఏం చెప్పినా ముందు చిరునవ్వు నవ్వాలని అందులో మొదటి సూత్రం. మూడో రోజున బొంతపల్లి నుంచి ఒక పాత గిరాకీ వచ్చి, మా మామ పోయిండు సేట్, దినాలకు సామాను కావాలె అన్నాడు. నేను నవ్వాను. ఆ మనిషి ఇప్పటికీ మా దుకాణం ముందు నుంచి పోతూ మొహం అటు తిప్పుకుంటాడు.

జ్ఞాపకశక్తి పుస్తకం సగం నెగ్గింది, సగం ఓడింది. ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

నాకీ గర్వం కాలనీవాళ్ళ వల్ల ఎక్కువైంది. ఫ్యాక్టరీ వచ్చాక కోస్తా జిల్లాల నుంచి చాలా కుటుంబాలు వచ్చి క్వార్టర్లలో దిగాయి. వెంకటేశ్వరరావు గారిది తణుకు దగ్గర. మెషీన్ షాపులో పని. ఆదివారం పొద్దున ఆయన వరండాలో పదిహేను మంది చేరి పుస్తకాల గురించి మాట్లాడుకునేవాళ్ళు. అక్కడొక షరతు ఉండేది. పుస్తకంలో ఏముందో చెప్పకూడదు. అది మనం చదువుకుంటాం. అది మీకేం చేసిందో చెప్పాలి. ఈ షరతు నా కోసమే పెట్టినట్టుండేది. ఊరి నుంచి పోయేవాణ్ణి నేనొక్కణ్ణే. చీమల సంగతి చెప్పినప్పుడు డిప్లొమా చదివినవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవలప్పుడు ఆ వరండా మూతపడింది. ఎవరూ ఎవరింటికీ పోలేదు. సామాను కోసం దుకాణానికి వచ్చినా తలవంచుకుని తీసుకుని పోయేవాళ్ళు. అది నాకు చాలా బాధగా ఉండేది. అన్నీ సద్దుమణిగాక వెంకటేశ్వరరావు గారు స్వయంగా వచ్చి, "మళ్ళీ మొదలుపెడదామండీ. మొదటి ఆదివారం మీరే మాట్లాడాలి" అన్నారు. నాకు ఏనుగెక్కినట్టయింది.

అప్పటికి నా చేతిలో ఒక కొత్త పుస్తకం ఉంది. కోఠీలో పాత పుస్తకాలు పరిచి అమ్మేవాడి దగ్గర కొన్నది. కళ్ళజోడు లేకుండా, మందు లేకుండా, ఎనిమిది వారాల్లో చూపు బాగుచేసుకోవడం ఎట్లాగో అందులో ఉంది. రాసినాయన పేరు రాయను. రాస్తే ఎవరైనా వెతికి చదువుతారు.

ఆ పుస్తకం నేను కొన్నది సావిత్రి కోసం. సావిత్రి నా భార్య. పుట్టిల్లు జోగిపేట. ఆమెకు నలభై దాటి ఏడాదైందో లేదో, బియ్యంలో రాళ్ళు ఏరలేకపోతోంది. సూదిలో దారం నన్ను ఎక్కించమంటోంది. ఒక్కోసారి నుదురు పట్టుకుని కూర్చుంటోంది. అన్నంలో రాయి తగిలిన రోజున నేను విసుక్కున్నాను కూడా. తరువాత మనసొప్పక ఈ పుస్తకం తెచ్చాను. ఈ ఒక్క మాట నా తరఫున చెప్పుకోనివ్వండి.

అరవై తొమ్మిది డిసెంబరు ఆఖరులో మొదలుపెట్టాం. దుకాణం తెరవక ముందు, వెనక వాకిట్లో, రెండు పీటలు ఎదురెదురుగా వేసుకుని అరగంట. ముందు చన్నీళ్ళు కళ్ళకు కొట్టుకోవాలి. కళ్ళు మూసుకుని పొద్దుటి ఎండకు మొహం తిప్పాలి. ఆ తరువాత రెండు అరచేతులతో కళ్ళు కప్పుకుని, వెలుగు చొరకుండా, మనసుకు హాయినిచ్చే సంగతి ఒకటి తలుచుకోవాలి. వేళ్ళ సందుల్లోంచి వెలుగు పోతోందేమోనని నేను ముందుకు వంగి చూసేవాణ్ణి. చేతులు తీశాక ఏం తలుచుకుందో అడిగి రాసుకోమని పుస్తకంలో ఉంది. అడిగి రాసుకునేవాణ్ణి.

"ఏం యాదికొచ్చింది?"

"జోగిపేట అంగడి. మా బాపు నన్ను భుజం మీద కూసోబెట్టుకొని తిప్పెటోడు. నేను ఆయన చెవులు గట్టిగ పట్టుకునేదాన్ని."

నాలుగో రోజు, అంగడి, అని రాసుకున్నాను. ఇంకో రోజు వాళ్ళక్కతో కలిసి చింతచిగురు కోస్తూ చెట్టు మీదనే నిద్రపోయిన సంగతి చెప్పింది. ఇంకో రోజు మా పెళ్ళిలో నా ధోవతి కొస కుంపటి మీద పడితే తనే ఆర్పిందట, ఎవరికీ చెప్పలేదట. ఇరవై రెండేళ్ళలో ఈ సంగతులేవీ నాకు తెలియవు. అన్నీ తారీఖులు వేసి రాసుకున్నాను. వైద్యంలో భాగం కదా.

చివర పరీక్ష. పది అడుగుల దూరంలో అక్షరాల అట్ట పెట్టి చదివించాలి. పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాలకు దిగాలి. అట్ట మన దగ్గర ఎక్కడిది? గోడకు నూనె మిల్లువాళ్ళ కేలండర్ ఉంది. తారీఖు అంకె పెద్దది, దాని కింద తిథి చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంతకంటే మంచి అట్ట ఏం దొరుకుతుందని నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదటి వారం కొన్ని చెప్పి కొన్ని చెప్పలేకపోయింది. రెండో వారం సగం చెప్పింది. ఐదో వారానికి నేను ఏ తారీఖు అడిగినా కింద ఉన్న తిథి ఠక్కున చెప్పేది. "తక్కువైతుందా?" అని, అంటే నయమవుతోందా అని, అడిగితే "అయితుంది" అనేది. పుస్తకం నెగ్గిందని నాకు నిద్ర పట్టలేదు. దుకాణంలో అందరికీ చెప్పాను. ఎనిమిది వారాలు నిండే ఫిబ్రవరి ఆఖరు ఆదివారమే వరండా తెరుద్దామని, ఆ రోజు ఈ పుస్తకం గురించే చెబుతానని, సావిత్రిని కూడా తీసుకొచ్చి అందరి ముందూ చదివిస్తానని వెంకటేశ్వరరావు గారికి మాటిచ్చాను.

ఆ ఆదివారం ఇంకా పన్నెండు రోజులుందనగా వెంకటేశ్వరరావు గారి తల్లి బుల్లెమ్మ గారు దుకాణానికి వచ్చారు. సామాను కట్టేలోగా లోపలికి వెళ్ళి సావిత్రితో మాట్లాడటం ఆమెకు అలవాటు. అప్పుడే దీపం పెట్టారు. ఆమె బయటికి వచ్చేసరికి మొహం మారిపోయి ఉంది.

"శెట్టిగారూ, మీ ఆవిడకి దీపం చుట్టూ రంగులు కనపడుతున్నాయంటండీ. ఇంద్రధనస్సులాగా. తలనొప్పీ వాంతీ కూడా వస్తున్నాయంట. మీకు చెప్పిందా?"

"కసరత్తు చేసేటప్పుడు మొదట్ల అట్లనే ఉంటదని పుస్తకంల ఉందమ్మా."

"పుస్తకం సంగతి నాకు తెలీదు బాబూ. మా చెల్లెలికీ ఇలాగే రంగులు కనపడ్డాయి. తగ్గుతుందిలే అనుకున్నాం. కాకినాడ తీసుకెళ్ళేసరికి ఒక కన్ను పూర్తిగా పోయింది. రేపే హైదరాబాదు తీసుకెళ్ళండి. మీకు దణ్ణం పెడతాను."

పెద్దావిడ నిజంగానే చేతులు జోడించారు. నేనేమన్నానో ఇక్కడ రాయాలి. వెంకటేశ్వరరావు గారు అన్నీ రాయమన్నారు గనక.

"ఇంక పన్నెండు రోజులే కదమ్మా. ఎనిమిది వారాలు నిండనియ్యండి. ఆదివారం కాంగనే తీస్కపోత" అన్నాను.

ఎనిమిది వారాలు నిండితేనే పరీక్ష పూర్తయినట్టు. మధ్యలో డాక్టరు చెయ్యి పడితే, బాగైంది పుస్తకం వల్లనో మందు వల్లనో ఎట్లా తెలుస్తుంది? నేను అట్లా ఆలోచించాను. రాత్రి సావిత్రిని అడిగాను. "రంగులు కనపడుతున్నయా?" "జెర జెర. గదే పోతదిలే" అంది. నాకు కావలసిన మాట అదే. ఇంకో ప్రశ్న అడగలేదు.

ఆదివారం వచ్చింది. సావిత్రి పసుపు అంచు చీర కట్టుకుంది. వరండా మెట్ల దగ్గర తడబడితే నేను చెయ్యి పట్టుకున్నాను. కొత్త చోటు కదా అనుకున్నాను. ఇంటి కేలండర్ నేనే చుట్టి తీసుకుపోయాను. చివరి గోడకు తగిలించి, పది అడుగులు కొలిచి కుర్చీ వేయించాను. అరగంట మాట్లాడాను. చాలా బాగా మాట్లాడానని ఇప్పటికీ అనుకుంటాను, అందుకు సిగ్గుపడతాను కూడా.

"పన్నెండో తారీఖు కింద ఏముంది సావిత్రీ?"

"శుద్ధ షష్ఠి."

ఒకాయన లేచి వెళ్ళి దగ్గరగా చూసి, కరెక్టే అన్నాడు.

"పదిహేడు?"

"ఏకాదశి."

చప్పట్లు కొట్టారు. సావిత్రి తలవంచుకుని నవ్వింది. నా ఛాతీ పొంగింది. అప్పుడు లోపలి గుమ్మంలో నిలబడి ఉన్న బుల్లెమ్మ గారు నెమ్మదిగా గోడ దగ్గరికి నడిచారు. మేకు మీంచి కేలండర్ తీసి, తిరగేసి మళ్ళీ తగిలించారు. తెల్లకాగితం మా వైపు ఉంది. ఆమె పెదవులకు చూపుడువేలు అడ్డం పెట్టి, మమ్మల్నెవరినీ మాట్లాడవద్దని సైగ చేశారు.

"సావిత్రమ్మా, ఇరవై మూడు కింద ఏముందమ్మా?"

సావిత్రి గోడ వైపే చూస్తోంది. కళ్ళు చికిలించి, అక్షరాలు కూడబలుక్కుంటున్నట్టు కాసేపు ఆగి మరీ చెప్పింది.

"బహుళ విదియ."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఫ్యాక్టరీలో మిల్లీమీటర్లో వెయ్యో వంతు కొలిచేవాళ్ళు పదిహేను మంది కూర్చున్నారక్కడ. పుస్తకాలన్నీ గొట్టం గుచ్చి చూసే నేనున్నాను. ఒక్కరికీ తట్టలేదు. ఉపవాసాలు, నోములు, తద్దినాలు, పెరుగు తోడు పెట్టని రోజులు అన్నీ నెత్తిన వేసుకుని ఇల్లు నడిపే మనిషికి తిథి చెప్పడానికి కేలండర్ ఎందుకు? నేను తారీఖు నోటితో చెబుతుంటే ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుని చెప్పింది. కొంగు కింద చెయ్యి పెట్టుకుని లెక్కపెట్టుకుంది. బుల్లెమ్మ గారు ఆ కొంగు కింది చేతిని తీసి తన రెండు చేతుల్లో పట్టుకున్నారు.

"నీకు నేను కనపడుతున్నానా తల్లీ?"

"మాట ఇనపడుతుంది కదమ్మా" అంది సావిత్రి.

అప్పుడు ఏడ్చింది మా ఆవిడ కాదు, నేను. అందరి ముందూ ఏడ్చాను. వెంకటేశ్వరరావు గారు అప్పటికే చొక్కా వేసుకుని కాలనీ జీపు కోసం పరిగెత్తారు. మాట్లాడేటప్పుడు నేను బల్ల మీద పెట్టిన పుస్తకం అక్కడే ఉండిపోయింది.

హైదరాబాదులో కళ్ళ దవాఖానా డాక్టరు ముసలాయన. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోతుందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టగలనని చెప్పాడు. ఎడమ కన్ను మొత్తం పోయింది. కుడి కంటికి మర్నాడే ఆపరేషన్ చేశాడు. "జనవరిలో ఎందుకు రాలేదు?" అని ఒక్కసారి అడిగాడు. ఆయన మళ్ళీ అడగలేదు.

ఈ పుస్తకం నాకేం చేసిందో చెప్పాలి కదా, వరండా షరతు ప్రకారం. అబద్ధాల పుస్తకం అని ఒక్క మాటలో తేల్చేసి పోవచ్చు. కానీ పుస్తకం ఒక్కటే చేసిన పని కాదిది. దీపం చుట్టూ రంగులు కనపడుతున్నాయని మనిషి చెబితే, ఆ మనిషిని వదిలి పేజీ తిప్పి చూసినవాణ్ణి నేను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఆ పల్లకీ దిగడానికి ఇంకో పన్నెండు రోజులు కావాలన్నవాణ్ణి నేను. ఆ తరువాత కూడా పుస్తకాలు చదువుతూనే ఉన్నాను. మానలేదు. తేనెటీగల గురించి, సముద్రం అడుగు గురించి, ఈ మధ్యనే మెదడు గురించి ఒకటి చదివాను. నమ్మడం మాత్రం కొంచెం ఆలస్యంగా నమ్ముతున్నాను.

రాయవలసింది ఇంకొకటి ఉంది. ఇది వెంకటేశ్వరరావు గారికి కూడా తెలియదు.

ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన వారానికి కట్టు విప్పారు. కుడి కంటితో నా మొహం మసకగా పోల్చుకుంది. ఆ మరునాడు పొద్దున వెనక వాకిట్లో ఆమెకు మందు చుక్కలు వేసి, పీట మీద కూలబడ్డాను. అన్ని రోజులూ అడగలేకపోయింది అడిగేశాను.

"సావిత్రీ, కనపడతలేదని ఎందుకు చెప్పలేదు? నేను కొడతనా, తిడతనా? ఎందుకు అబద్ధం చెప్పినవ్?"

కళ్ళలోంచి మందు చెంప మీదికి కారుతుంటే కొంగుతో ఒత్తుకుంది.

"మీకు కోపం రావద్దు మల్ల" అంది. "ఇరవై రెండేండ్లాయె నేనీ ఇంటికొచ్చి. చీమల సంగతి, చుక్కల సంగతి దుకాణంల అందరికీ చెప్పిండ్రు. ఉప్పుకొచ్చినోళ్ళకు సుత చెప్పిండ్రు. నేను గోడ ఇవతల నిలబడి ఇన్న. నాకెదురుంగ కూసోని, నా మొకం దిక్కు సూసి, నీకేం యాదికొచ్చింది అని అడిగింది గీ రెండు నెలలే. తక్కువైతలేదంటే మీరు పుస్తకం మూస్తరు. పుస్తకం మూస్తే లేసి పోతరు. ఇంకో నాలుగు దినాలు కూసోనీ అనుకున్న. కన్ను పోతదని నాకేమెరుక?"

బయట దుకాణం తలుపు ఎవరో కొడుతున్నారు. సేట్, సేట్ అని పిలుస్తున్నారు. ఎప్పుడూ ఒక్క పిలుపుకే లేచేవాణ్ణి. సావిత్రి కూడా అలవాటుగా, "పిలుస్తున్నరు, పోండ్రి" అంది.

నేను లేవలేదు. ఆమె మొహం వైపే చూస్తూ కూర్చున్నాను. పిలిచిన మనిషి కాసేపు చూసి, పక్క దుకాణానికి వెళ్ళిపోయాడు.